ఇంట్లో వాళ్ళందరికీ మోషన్ టెస్ట్ చేయించారా?

చలికాలం వచ్చి బజార్లో కాలీఫ్లవర్ చవకవగానే మా ల్యాబ్ కిటికీ దగ్గర ఒక ప్రశ్న మొదలవుతుంది. "మేడమ్, గోబీలో పురుగు మెదడుకెక్కుతుందంట కదా?" శాంపిల్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఫోన్ తీసి వీడియో కూడా చూపిస్తారు. అందులో ఎవరో పువ్వు విడదీసి ఆకుపచ్చ పురుగును బయటికి లాగుతారు. వెంటనే తెర మీద ఒక మెదడు స్కాన్, దాని నిండా తెల్ల చుక్కలు. అది చూసిన ఇళ్ళలో ఆ ఏడాదికి కాలీఫ్లవర్ బంద్.

నేను కోస్తా ఆంధ్రలో ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను. కఫం, మూత్రం, మలం స్లైడ్ల మీద పెట్టి మైక్రోస్కోపులో చూడటం నా పని. అందులోనూ మలం పరీక్షలే ఎక్కువ చేశాను. అందుకే ఈ ఒక్క జబ్బు గురించి నాకు తెలిసినంత వివరంగా రాయాలని ఎప్పటి నుంచో ఉంది. జనం భయపడుతున్నది ఒకదానికి, జాగ్రత్త పడాల్సింది ఇంకోదానికి.

వీడియోలోని ఆకుపచ్చ పురుగు ఒక రెక్కల పురుగు పిల్ల. వేడినీళ్ళలో వేస్తే చచ్చిపోతుంది. చూసుకోకుండా తిన్నా కడుపులో అరిగిపోతుంది. దానికి మెదడు దాకా దారే లేదు. మెదడుకు చేరేది కంటికి కనిపించదు. అదొక గుడ్డు. అడ్డంగా కొలిస్తే దాదాపు మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు. ఆ గుడ్డు పెట్టిన తల్లి ఏ కూరగాయలోనూ ఉండదు, మనిషి పేగులో ఉంటుంది.

ఆ తల్లి పేరు టీనియా సోలియమ్. బద్దెపురుగు అని స్కూల్లో చదువుకున్నాం కదా, అందులో పందికి సంబంధించిన రకం ఇది. దీని బతుక్కి రెండు ఒళ్ళు కావాలి, ఒకటి మనిషిది, ఒకటి పందిది. బద్దెపురుగు ఉన్న మనిషి ఆరుబయట దొడ్డికి వెళితే ఆ మలంతో గుడ్లు బయటికొస్తాయి. ఊరమీద తిరిగే పంది దాన్ని తింటుంది. గుడ్డులోంచి బయటపడిన పిల్ల పంది పేగు గోడను చీల్చుకుని నెత్తుట్లో కలిసి కండల్లోకి చేరి, అక్కడ నీటి తిత్తిలా మారుతుంది. అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు ఉంటుంది, పారదర్శకంగా, లోపల ఒక తెల్ల చుక్కతో. ఆ తెల్ల చుక్కే పురుగు తల. ఆ మాంసాన్ని సరిగ్గా ఉడికించకుండా తింటే ఆ తల మన పేగుకు కొక్కేలతో, నాలుగు పీల్చుడు నోళ్ళతో అతుక్కుంటుంది. రెండు నెలల్లో పెద్దదవుతుంది. పొడవు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా. తోక చివర నుంచి ముక్కలు ఊడుతూ మలంతో బయటికి పోతుంటాయి. ఒక్కో ముక్కలో 50,000 దాకా గుడ్లుండవచ్చు.

ఇదంతా కడుపులో జరుగుతున్నా మనిషికి పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం కడుపునొప్పి, ఎప్పుడైనా వికారం, చాలామందికి అదీ ఉండదు. ఇక్కడిదాకా మొదటి దారి. ఇది పందిమాంసం తిన్నవాళ్ళకే వస్తుంది, పేగులోనే ఉంటుంది, మాత్రలతో పోతుంది.

రెండో దారిలో పందిమాంసం ప్రమేయమే లేదు. ఆ మనిషి మలంలోంచి గుడ్లు ఇంకొకరి నోట్లోకి వెళ్ళడమే. దొడ్డికి వెళ్ళొచ్చి చేతులు సబ్బుతో కడుక్కోకుండా పచ్చడి కలిపిన చెయ్యి చాలు. మురుగు పారిన మడిలో పెరిగి, పైపైన జాడించి కోసిన కొత్తిమీర చాలు. గుడ్డు కడుపులోకి వెళితే, పంది ఒంట్లో ఏం జరిగిందో అదే మనిషి ఒంట్లో జరుగుతుంది. కండలోకి, కంట్లోకి, మెదడులోకి ఎక్కడికైనా పోయి తిత్తి కడుతుంది. మెదడులో కడితే దాన్ని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. ఏలికపాము గుడ్డు మట్టిలో కొన్ని వారాలు నానితే గాని హాని చేయలేదు. ఈ గుడ్డుకు ఆ గడువు కూడా అక్కర్లేదు. బయటికి వచ్చిన క్షణం నుంచే అంటుకోగలదు. అందుకే పొలాల కంటే, చెరువుల కంటే, ఇంట్లో బద్దెపురుగు ఉన్న మనిషి చేతులే ఎక్కువ ప్రమాదం. ఆ మనిషికీ ప్రమాదమే, తన చేతుల నుంచి తన నోట్లోకే గుడ్లు వెళ్ళొచ్చు.

పంది తిత్తికీ పేగులోని పురుగుకీ సంబంధం ఉందని నిరూపించింది 1855లో, జర్మనీలో. కూషెన్‌మైస్టర్ అనే డాక్టరు, మరణశిక్ష పడిన ఒక ఖైదీకి తెలియకుండా అతని తిండిలో పందిమాంసపు తిత్తులు కలిపి పెట్టించాడు. శిక్ష అమలయ్యాక పేగు కోసి చూస్తే చిన్న చిన్న బద్దెపురుగులు కనిపించాయి. ఆ ఖైదీని ఎవరూ అడగలేదు. మా పుస్తకాల్లో ఈ జీవితచక్రం బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

ఇప్పుడు మా ల్యాబ్‌కు వచ్చిన ఒక కుటుంబం సంగతి. గుర్తుపట్టే వివరాలు రాయను. అమ్మాయి తొమ్మిదో తరగతి. పొద్దున స్కూల్ ప్రార్థనలో నిలబడి ఉండగా కుడి చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలైంది, ఆ తర్వాత ఒళ్ళంతా. పడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఎవరో ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. నాలుక కొరుక్కుంటుందని పళ్ళ మధ్య చెంచా దూర్చబోతే ముందు పన్ను విరిగింది. ఫిట్స్‌కు ఇనుము ఏమీ చేయదు, ఉల్లిపాయా చేయదు. పక్కకు ఒత్తిగిలిపడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూసుకుంటూ ఉండాలి, అయిదు నిమిషాలైనా ఆగకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఈ నాలుగు ముక్కలు ప్రతి స్కూల్ గోడ మీదా రాసి ఉంటే బాగుండును.

ఎమ్మారైలో ఎడమ వైపు ఒక చిన్న ఉంగరం లాంటి మచ్చ, మధ్యలో చుక్క, చుట్టూ వాపు. న్యూరో డాక్టరు చూడగానే చెప్పారట. ఆయన మందుల చీటీ కింద ఇంకో వాక్యం కూడా రాశారు, 'ఇంట్లో అందరికీ మలపరీక్ష' అని. నేను చాలా అరుదుగా చూసే వాక్యం అది. అందుకే ఆ చీటీ నాకు అంత బాగా గుర్తుండిపోయింది.

ఆ చీటీతోనే ఇల్లంతా వచ్చింది. తండ్రి గొంతులో బాధ కంటే అవమానం ఎక్కువ వినిపించింది. "మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం మేడమ్. పంది పురుగంటారేంటి?" వెనకాల నాయనమ్మ నిలబడి ఉంది. ఆవిడైతే నా మొహం కూడా చూడలేదు. "మడి కట్టుకుని వండే ఇల్లమ్మాయ్ మాది. మా చేత ఈ డబ్బాలు పట్టిస్తావా?" అంది.

"మామ్మగారూ, మీరు తిన్నదాని గురించి కాదండీ. ఎవరో చేతులు కడుక్కోకపోతే అది మీ మనవరాలి దాకా వచ్చింది. ఆ ఎవరో మీ ఇంట్లో లేరని తేలితే మనందరికీ నిశ్చింత కదా" అన్నాను. ఆవిడ మెత్తబడలేదు గాని, మర్నాడు డబ్బా తెచ్చింది.

ఎవరిలోనూ ఏమీ దొరకలేదు. మూడు వేర్వేరు రోజుల శాంపిల్స్ చూశాను. ఇలా ఏమీ దొరకకపోవడం మామూలే. గుడ్డు లోపలికి వెళ్ళిన కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో గాని ఫిట్స్ రావు. తిత్తి బతికున్నంత కాలం ఒంటికి తెలియకుండా నక్కి ఉంటుంది. అది చచ్చిపోయేటప్పుడు ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది, చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపే ఫిట్స్ తెప్పిస్తుంది. అప్పటికి ఆ గుడ్డు ఏ చేతి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? అయినా పరీక్ష అవసరమే అంటాను. గుడ్లు పెట్టే మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, ఆ అమ్మాయి తమ్ముడి సంగతేంటి? అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వాపు తగ్గింది, ఫిట్స్ మళ్ళీ రాలేదు. మన దేశంలో పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఇలాంటి జబ్బు, మెదడులో ఒకే ఒక్క మచ్చ ఉన్నది, చాలావరకు మందులతో నయమవుతుంది. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆ ఇంట్లో అంత ఏడుపు ఉండేది కాదు.

మాంసం ముట్టని ఇంటికి ఈ జబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్నకు ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ న్యూయార్క్‌ది. అక్కడి సనాతన యూదుల్లో నలుగురికి ఫిట్స్ వచ్చి, మెదడులో ఈ తిత్తులు బయటపడ్డాయి. వాళ్ళ మతంలో పందిమాంసం నిషిద్ధం. నలుగురూ ఒకరికొకరు బంధువులు కారు. విచారిస్తే ఆ ఇళ్ళలో పనిచేయడానికి లాటిన్ అమెరికా దేశాల నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళున్నారని తెలిసింది. వాళ్ళలో ఒకరి మలంలో బద్దెపురుగు గుడ్లు దొరికాయి. 1992లో ఇది వైద్య పత్రికలో వచ్చింది. దీన్ని చదివి "పనివాళ్ళ వల్లే" అనుకుంటే మాత్రం నాకు బాధ. ఆ పనిమనిషికి తన కడుపులో పురుగుందని తెలియదు. ఎవరూ ఆమెకు పరీక్ష చేయించలేదు. మందు ఎంతో ఖరీదైనదీ కాదు.

మన గడ్డ మీద కూడా ఈ జబ్బు గురించి తెల్లవాళ్ళు రాసిందే ముందు గట్టిగా వినిపించింది. ఇండియాలో పనిచేసి ఇంగ్లండ్ తిరిగి వెళ్ళిన బ్రిటిష్ సైనికులకు కొన్నేళ్ళ తర్వాత మూర్ఛలు రావడం అక్కడి సైనిక డాక్టర్లు గమనించారు. డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు అలాంటి 450 మంది వివరాలు పోగేసి 1961లో ప్రచురించారు. తిండి తిన్నది ఒక దేశంలో, ఫిట్స్ వచ్చింది ఇంకో దేశంలో, మధ్యలో ఏళ్ళు. ఆ సైనికులు మన కంటోన్మెంట్లలో తిన్న తిండే మన జనమూ తిన్నారు. ఆ 450 మందికి వివరాలు మిగిలాయి. మన వాళ్ళ మూర్ఛలకు లెక్క రాసినవాళ్ళు లేరు, దెయ్యం పట్టిందనో, గాలి సోకిందనో తాయెత్తులు కట్టించుకున్నారు.

సీటీ స్కాన్లు వచ్చాక కూడా మనకు ఇంకో చిక్కు వచ్చింది. ఫిట్స్ వచ్చిన పిల్లల స్కాన్‌లో చిన్న మచ్చ కనిపిస్తే, మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి అది టీబీ గడ్డే అనుకుని టీబీ మందులు నెలల తరబడి వాడించేవారు. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో మాథ్యూ చాందీ, రాజశేఖర్ అనే డాక్టర్ల బృందం ఆ మచ్చల నుంచి ముక్క తీసి పరీక్షించి, అందులో ఎక్కువ భాగం టీబీ కాదనీ, చనిపోతున్న ఈ బద్దెపురుగు తిత్తులనీ తేల్చింది. ఆ తిత్తినే డాక్టర్లు సిస్టిసర్కస్ అంటారు. 1991లో ఆ వ్యాసం వచ్చింది. మన పక్క జిల్లా లాంటి వెల్లూరులో జరిగిన ఆ పని వల్ల ఎంతమంది పిల్లలు అనవసరమైన మందులు తప్పించుకున్నారో. తర్వాత అదే వెల్లూరు జిల్లాలో ఊళ్ళు తిరిగి చూస్తే, మూర్ఛలతో బాధపడుతున్న వారిలో మూడో వంతు మందికి కారణం ఇదేనని తేలింది. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతానికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఇవి ఆపగలిగిన మూర్ఛలు. నా బాధంతా దాని గురించే.

నన్ను ఎక్కువ కలచివేసిన కథ మాత్రం పశ్చిమ న్యూగినీది. అక్కడి పానియాయ్ సరస్సుల దగ్గర కొండల్లో ఎకారీ అనే జనం ఉంటారు. పంది వాళ్ళకు ఆస్తి, కట్నం, పండగ అన్నీ. 1970ల మొదట్లో ఇండోనేషియా ప్రభుత్వం బాలి నుంచి పందుల్ని కానుకగా పంపింది. కానుకతో పాటు తిత్తులూ వెళ్ళాయి. అంతకు ముందు ఆ కొండల్లో ఈ పురుగు లేదు. కొద్దికాలానికి అక్కడి ఆస్పత్రికి కాలిన గాయాలతో జనం రావడం మొదలైంది. చేతులు, కాళ్ళు మాడిపోయి. ఎందుకో మొదట అంతుబట్టలేదు. కొండల్లో రాత్రులు చలి ఎక్కువ, గుడిసె మధ్యలో నిప్పు వేసుకుని దాని చుట్టూ పడుకుంటారు. నిద్రలో ఫిట్స్ వచ్చి నిప్పులో పడిపోతున్నారు. తెలివి లేని స్థితిలో కాలుతున్నా లేవలేకపోతున్నారు. పంపినవాళ్ళు ప్రేమగానే పంపి ఉంటారు. తిత్తులు తగులుతాయేమోనని పంది నాలుక కింద వేలు పెట్టి తడిమి చూసే ఒక మనిషి, మాంసం కోసి చూసే ఇన్‌స్పెక్టర్ మధ్యలో ఎవరైనా ఉంటే ఆ కాళ్ళూ చేతులూ మిగిలేవి.

ఇక మా ల్యాబ్‌కు వచ్చిన ఇంకో మనిషి. ఒక హాస్టల్లో వంట చేస్తాడు. న్యూస్ పేపర్లో మడిచి, దాని మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి ఏదో తెచ్చాడు. విప్పితే తెల్లగా, లంగా నాడా కత్తిరించినట్టు చదునైన ముక్కలు. "నెలల నుంచి పడతన్నాయమ్మా. నులిపురుగులనుకుని మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని ఏసుకున్నా. తగ్గలా." షాపులో ఇచ్చింది ఒక ఆల్బెండజోల్ మాత్ర. ఆ ఒక్క మాత్రకు బద్దెపురుగు పోతుందన్న నమ్మకం లేదు.

ఇలాంటి ముక్కను మేం గ్లవుజులు లేకుండా ముట్టుకోం. మలంలో గుడ్లు చూసి అది పంది రకమో ఆవు రకమో చెప్పలేం, రెండిటి గుడ్లూ ఒకేలా ఉంటాయి. ముక్కను రెండు గాజు పలకల మధ్య నొక్కి వెలుతురుకు పట్టి, మధ్య గొట్టం నుంచి పక్కలకు చీలే కొమ్మలు లెక్కపెట్టాలి. పంది రకానికి ఒక వైపు 7 నుంచి 13 కొమ్మలు, ఆవు రకానికి అంతకంటే ఎక్కువ, 30 దాకా కూడా. ఆవు రకం గుడ్లతో మనిషి మెదడులో తిత్తులు రావు. ఇతని ముక్కలో పదికి లోపే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టి మా మేడమ్‌ను పిలిచాను.

అతను పేరు రాయించుకున్నప్పటి నుంచి ఒకటే మాట. "సార్ వాళ్ళకి తెలిస్తే పనిలోంచి తీసేత్తారమ్మా." డాక్టరు అతనికి తలనొప్పి, ఫిట్స్ ఏమైనా ఉన్నాయా అని ముందు వివరంగా అడిగారు. ప్రాజిక్వాంటెల్ అనే మందు నెత్తుట్లో కలుస్తుంది, మెదడులో తిత్తులు దాగి ఉంటే వాటిని కదిలించి ఫిట్స్ తెప్పించవచ్చు. నిక్లోసమైడ్ పేగులోనే ఉండిపోతుంది. అదే ఇచ్చారు, నాలుగు మాత్రలు నమిలి మింగాడు. నెలకోసారి, మూడు నెలలకు మరోసారి శాంపిల్ తెచ్చాడు, గుడ్లు లేవు. మొదటి పరీక్ష బాగుందని తేలేదాకా వంటకు దూరంగా, కట్టెలు కొట్టి, సామాను మోసి పనిచేశాడట. ఎక్కడ సోకిందంటే, ఊళ్ళో జాతరకు వెళ్ళినప్పుడు నిప్పుల మీద కాల్చిన మాంసం తిన్నానన్నాడు. నాలుగు మాత్రల ఖర్చుతో ఆ హాస్టల్ పిల్లలకు ఒక పెద్ద ప్రమాదం తప్పింది. వంట చేసేవాళ్ళకు ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలని ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. ఆ పరీక్షలో భాగంగా మలం డబ్బా మా కిటికీ దాకా రావడం మాత్రం నేను పెద్దగా చూడలేదు. అలాంటి మనిషిని పనిలోంచి తీసేస్తామని బెదిరిస్తే ఇంకెవరూ పేపర్లో మడిచి తీసుకురారు. దాచుకుంటారు. వంట చేస్తూనే ఉంటారు.

ఆల్బెండజోల్ సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎమ్మారై రిపోర్టులో 'సిస్టిసర్కస్' అన్న మాట చూసి, గూగుల్లో వెతికి, షాపులో ఆల్బెండజోల్ కొని పిల్లలకు వేసేవాళ్ళున్నారు. దయచేసి చేయొద్దు. తిత్తులు ఒక్కసారిగా చస్తే మెదడు వాస్తుంది. అందుకే డాక్టర్లు ముందు వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టి, కంట్లో తిత్తి లేదని చూసుకుని, బరువును బట్టి డోసు లెక్కగట్టి ఇస్తారు. తిత్తులు చాలా ఉంటే అసలు ఇవ్వకపోవచ్చు కూడా. ఫిట్స్ మాత్రలు కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. రక్తపరీక్షలో ఏమీ రాలేదని ఊపిరి పీల్చుకోకండి, తిత్తి ఒక్కటే ఉన్నప్పుడు రక్తపరీక్ష తరచూ తప్పిపోతుంది. 2015 నుంచి స్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల దినం రోజు ఇచ్చే మాత్ర వేరే సంగతి. అది పేగులోని నులిపురుగులకు, ఏలికపాములకు. దాన్ని మానిపించకండి.

మరి తిండి విషయంలో ఏం చేయాలి? ఉడికించిన కూరకు భయం లేదు, కాలీఫ్లవర్ అయినా, క్యాబేజీ అయినా. మరుగుతున్న నీళ్ళలో ఈ గుడ్డు బతకదు. చూసుకోవాల్సింది పచ్చిగా తినేవి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్, కీరా, ఉల్లికాడలు. హైదరాబాద్ దిగువన మూసీ నీళ్ళతో ఆకుకూరలు పండిస్తారని అందరికీ తెలుసు. అలాంటి మురుగు మడులు చాలా ఊళ్ళ చివర ఉన్నాయి. గుడ్డు జిగురుగా ఆకు మడతల్లో అంటుకుని ఉంటుంది. నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే పోదు. కట్ట విప్పి, వేళ్ళు కోసేసి, పారే నీళ్ళ కింద రుద్ది కడగాలి. తాగునీటికి కలిపే మోతాదు క్లోరిన్ ఈ గుడ్డును చంపలేదు. కాబట్టి క్లోరిన్ నీళ్ళలో నానబెట్టాం కదా అని రుద్దడం మానకూడదు. తొక్క తీయగలిగినవి తీసి తినండి. తినే ముందు, వండే ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బు, గోళ్ళ కింద కూడా. ఇంట్లో ఇంతకు మించి చేయగలిగింది, నా దృష్టిలో, వంట చేసే చేతుల యజమానికి పరీక్ష చేయించడమే, ఆ యజమాని మన అమ్మ అయినా సరే.

పందిమాంసం తినేవాళ్ళు మానేయాల్సిన పనిలేదు. లోపల ఎక్కడా పచ్చిగా లేకుండా ఉడకాలి, అంతే. ముక్క లోపల 63 డిగ్రీల వేడి తగిలితే తిత్తి చస్తుంది, బాగా మరిగిన కూరలో దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది. సగం కాల్చి తినడమే ప్రమాదం. ఇక్కడ ఇంకో మాట. ఈ జబ్బు గురించి చెప్పగానే పందులు మేపుకుని బతికేవాళ్ళ వైపు వేళ్ళు లేస్తాయి. మున్సిపాలిటీ బండి వచ్చి పందుల్ని పట్టుకుపోతే సమస్య తీరిందంటారు. పందికి ఆ తిత్తి ఇచ్చింది మనిషి మలమే. మరుగుదొడ్డి లేని చోట, మురుగు బయటికి పారే చోట పందిని తిట్టి ఏం లాభం? ఆ మేపేవాళ్ళ పిల్లలకే అందరికంటే ముందు సోకుతుంది. పంది తిత్తులతో దొరికితే నష్టపోయేదీ వాళ్ళే.

పందికి టీకా ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మార్షల్ లైటోలర్స్ బృందం కనిపెట్టిన టీఎస్‌ఓఎల్18 అనే టీకాను మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ సిస్‌వ్యాక్స్ పేరుతో తయారుచేస్తోంది. టీకాతో పాటు ఆక్స్‌ఫెండజోల్ మందు ఒక డోసు ఇస్తే అప్పటికే ఉన్న తిత్తులు కూడా చస్తాయి. పెరూ దేశంలో టుంబెస్ అనే ప్రాంతంలో మనుషులకూ పందులకూ కలిపి మందులిచ్చి, పందులకు టీకా వేసి చూశారు. కార్యక్రమం ముగిసేసరికి 107 ఊళ్ళలో 105 ఊళ్ళలో ఈ పురుగు సంచారం ఆగిపోయింది. 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. టీకా తయారవుతున్నది మన ఊళ్ళో. పశువులకు గాలికుంటు టీకాలు వేయడానికి మన పశువైద్య సిబ్బంది ఊరూరా తిరుగుతూనే ఉన్నారు. ఆ సంచీలోనే పందుల టీకా కూడా పెట్టి పంపమని అడగడం అత్యాశేమీ కాదు.

ఇక డబ్బా గురించి, ఎందుకంటే దాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. మూత ఉన్న శాంపిల్ డబ్బా ల్యాబ్‌లోనే ఇస్తాం. మూత్రం, బకెట్ నీళ్ళు కలవకుండా చెంచాడు మలం చాలు. పొద్దున పట్టింది మధ్యాహ్నంలోపు తీసుకురండి. ఒక్కరోజు శాంపిల్‌లో ఏమీ లేదంటే లేనట్టు కాదు, గుడ్లు రోజూ రావు. మూడు వేర్వేరు రోజులవి ఇవ్వండి. తెల్లటి చదును ముక్క ఏదైనా కనిపిస్తే చేత్తో తీయకండి, పుల్లతో తీసి విడిగా ఇంకో డబ్బాలో వేసి తెచ్చి, ఆ చేతులు సబ్బుతో కడగండి. ఈ మధ్య వేసుకున్న నులిపురుగుల మాత్ర ఏదైనా ఉంటే చెప్పండి. కిటికీ దగ్గర సిగ్గుపడి 'మామూలు టెస్టే' అనకుండా, "మా ఇంట్లో ఒకరికి ఫిట్స్ వచ్చాయి, బద్దెపురుగు కోసం చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెబితే మేం ఒక స్లైడుతో ఆపం. శాంపిల్‌ను యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పి, అడుగున చేరిన దాన్ని తీసి మళ్ళీ చూస్తాం.